లొంబార్డుల దండయాత్రలు: ఒడ్డున బతికినవాళ్ళకు ఏం జరిగింది?

అడిగిన ప్రశ్న ఇది: "లొంబార్డులు ఇటలీని ఆక్రమించినప్పుడు తీరంలో ఉన్న జనమంతా ప్రాణాలు అరచేత పట్టుకుని ఉప్పునీటి లంకల్లోకి పారిపోయారని, వెనిస్ అలాగే పుట్టిందని చదివాను. ఇందులో ఎంత నిజం ఉంది? ఆ దండయాత్రల వల్ల తీరప్రాంతాల వాళ్ళకు అసలు ఏం జరిగింది?"

చాలా ఏళ్ళుగా ఈ కాలం గురించే చదువుతున్నాను. కొన్నాళ్ళు తరగతిలో పాఠంగా కూడా చెప్పాను. ప్రతిసారీ ఎవరో ఒకరు ఇదే అడిగేవారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. పారిపోయినవాళ్ళు ఉన్నారు, అది కల్పన కాదు. అయితే ఒక్క రాత్రిలో మూటాముల్లే సర్దుకుని జనమంతా పడవలెక్కిన ఘట్టం ఏదీ జరగలేదు. తీరాన్ని అసలు మార్చింది మరొకటి. ఒడ్డుకూ, ఒడ్డు వెనక ఉన్న పంటభూములకూ మధ్య వందల ఏళ్ళుగా ఉన్న బంధం తెగిపోయింది. సముద్రం ఒకరి చేతిలో, గోధుమ చేలు ఇంకొకరి చేతిలో పడ్డాయి. ఆ రెంటి మధ్య ఇరుక్కున్నవాళ్ళు ఎలా బతికారన్నదే ఇందులో చూడవలసిన సంగతి.

లొంబార్డులు జర్మనిక్ మూలాలున్న ఒక జాతి. 568లో వాళ్ళ రాజు అల్బోయిన్ తన జనంతో, పెళ్ళాం పిల్లలతో, బళ్ళతో, పశువులతో పన్నోనియా నుంచి, అంటే నేటి హంగరీ వైపు నుంచి, బయలుదేరి ఇటలీ ఈశాన్య మూలన దిగాడు. 569లో మిలాన్ పట్టుబడింది. పావియా మూడేళ్ళ ముట్టడి తర్వాత 572లో లొంగింది. అదే ఏడాది అల్బోయిన్ హత్యకు గురయ్యాడు. తర్వాత వచ్చిన రాజు కూడా 574లో హతుడయ్యాక పదేళ్ళపాటు రాజే లేడు. ఎవరి నగరంలో వాళ్ళు డ్యూకులుగా ఏలుకున్నారు. కొందరు దక్షిణానికి సాగిపోయి స్పోలెటో, బెనెవెంటోల్లో స్థిరపడ్డారు. కాబట్టి ఇది ఒక పథకం ప్రకారం సాగిన జైత్రయాత్ర కాదు. కాన్‌స్టాంటినోపుల్‌లోని తూర్పు రోమన్, అంటే బైజాంటైన్, చక్రవర్తి చేతిలో రావెన్నా, రోమ్, నేపుల్స్, జెనోవా, వెనిస్ ప్రాంతపు తీరం, దక్షిణపు కొసలు మిగిలాయి. లోపలి నేలలో ఎక్కువ భాగం లొంబార్డుల వశమైంది. పటం మీద గీసి చూస్తే ఇటలీ అతుకుల బొంతలా కనిపిస్తుంది.

8వ శతాబ్దం చివర లొంబార్డుల చరిత్ర రాసిన పౌల్ డీకన్, తానూ ఆ జాతివాడే, ఒక ముచ్చట చెబుతాడు. రాజు ఆతారి ఇటలీ కొసన ఉన్న రెజ్జో దాకా గుర్రం మీద వెళ్ళాడట. అక్కడ నీళ్ళలో ఒక స్తంభం నిలబడి ఉందట. గుర్రాన్ని అలల్లోకి దింపి, ఈటె మొనతో ఆ స్తంభాన్ని తాకి, లొంబార్డుల పొలిమేర ఇదేనన్నాడట. పౌల్ కూడా దీన్ని విన్నమాటగానే రాశాడు. జరిగినా జరగకపోయినా ఆ బొమ్మ మాత్రం సరిగ్గా కుదిరింది. గుర్రం వెళ్ళగలిగినంత లోతు వరకే వాళ్ళ రాజ్యం.

దీనికి కారణం సులువుగానే అర్థమవుతుంది. గోడ ఉన్న ఊరిని చుట్టుముట్టి తిండి ఆపేస్తే ఏదో ఒక రోజు తలుపులు తెరుస్తారు. పావియా అలాగే లొంగింది. కానీ గోడ వెనక రేవుంటే ఆ ఎత్తు పారదు. సిసిలీ నుంచో ఆఫ్రికా నుంచో ధాన్యం ఓడ వస్తూనే ఉంటుంది. బెనెవెంటో డ్యూకు జొట్టో 581లో నేపుల్స్‌ను ముట్టడించి కూడా తీసుకోలేకపోయింది ఇందుకే. ఓడలు లేని సైన్యానికి ఓడరేవు కొరుకుడుపడని కొయ్య.

ఇంకో సంగతి మరిచిపోకూడదు. లొంబార్డులు వచ్చేనాటికే ఇటలీ చితికిపోయి ఉంది. 535 నుంచి 554 దాకా, అప్పటికి ఇటలీని ఏలుతున్న గోథులకూ బైజాంటైన్ సైన్యానికీ మధ్య యుద్ధం నడిచింది. 540ల్లో ప్లేగు వచ్చింది. 560ల్లో లిగూరియాలో మళ్ళీ విరుచుకుపడింది. కోసేవాళ్ళు లేక పంటలు చేలలోనే ఉండిపోయాయని, పశువులకు కాపరి కరువయ్యాడని పౌల్ వర్ణిస్తాడు. అందుకే తీరంలో ఒక ఊరు చిన్నబోయిందని తవ్వకాల్లో తేలినంత మాత్రాన నేరం లొంబార్డుల మీద మోపడం సరికాదు. చాలా పుస్తకాల్లో ఈ తొందరపాటు కనిపిస్తుంది.

అలాగని వాళ్ళు వచ్చినా ఏమీ కాలేదనడం అంతకన్నా పెద్ద తప్పు. ఆ బాధను కళ్ళతో చూసి రాసినవాడు ఒకడున్నాడు: 590 నుంచి 604 దాకా పోప్‌గా ఉన్న గ్రెగరీ. ఆయన ఉత్తరాలు ఎనిమిది వందలకు పైగా మిగిలాయి. మెడలకు కుక్కలకు కట్టినట్టు తాళ్ళు కట్టి, రోమన్లను ఫ్రాంకుల దేశానికి, అంటే నేటి ఫ్రాన్స్ వైపుకు, అమ్మకానికి తోలుకుపోతుంటే స్వయంగా చూశానని 595లో చక్రవర్తి మారిస్‌కే రాశాడు. ఫిర్యాదు చేస్తూనే, సాయం పంపనందుకు నిష్ఠూరమూ ఆడాడు.

తీరం విషయంలో నన్ను ఎప్పుడూ కదిలించేది క్రొటోనే గురించి ఆయన రాసిన ఉత్తరం. దక్షిణాన, ఇటలీ బూటు అరికాలి దగ్గర ఉండే రేవు అది. 596లో లొంబార్డులు దాని మీద పడి ఆడా మగా తేడా లేకుండా చాలామందిని పట్టుకుపోయారు. తల్లిదండ్రుల నుంచి పిల్లల్ని, మొగుళ్ళ నుంచి పెళ్ళాలను విడదీశారు. కొందరిని విడిపించుకోగలిగారు, కానీ అడిగిన వెల మరీ ఎక్కువ కావడంతో చాలామంది అక్కడే ఉండిపోయారు. ఈ వార్త ఉన్నది ఒక కృతజ్ఞతా లేఖలో. చక్రవర్తి సోదరి థియోక్టిస్టా 30 పౌన్ల బంగారం పంపింది. అందులో కొంత ఈ బందీలను విడిపించడానికి, కొంత రోమ్‌లోని సన్యాసినుల చలి దుప్పట్లకు ఖర్చుపెడతానని గ్రెగరీ లెక్క చెప్పాడు. చెరలో ఉన్నవాళ్ళ కోసం చర్చిలోని వెండి పాత్రలు అమ్మినా తప్పులేదని వేరే ఉత్తరాల్లో బిషప్పులకు అనుమతి ఇచ్చాడు.

ఇక్కడ ఒక మాట గమనించాలి. లొంబార్డులు క్రొటోనేను ఉంచుకోలేదు. దోచారు, మనుషుల్ని తీసుకుపోయారు, వెళ్ళిపోయారు. తీరవాసులకు తొలి రోజుల్లో దండయాత్ర అంటే పాలకుడు మారడం కాదు. మన ఊరివాడు ఫలానా డ్యూకు చెరలో ఉన్నాడని, వెల ఇంత అని, ఎవరైనా సాయం చేస్తారా అని ఊరూరా అడగడమే.

పోపులోనియా సంగతీ అలాంటిదే. ఎల్బా దీవికి ఎదురుగా, టస్కనీ తీరంలో ఉన్న పాత ఎట్రుస్కన్ రేవు అది. అక్కడి బిషప్ సెర్బోనియస్ లొంబార్డుల భయంతో ఎల్బాకు వెళ్ళిపోయి అక్కడే జబ్బుపడ్డాడు. నేను పోయాక నన్ను మన ఊరికే తీసుకెళ్ళి నా కోసం కట్టుకున్న సమాధిలోనే పెట్టండి, పెట్టి వెంటనే తిరిగి వచ్చేయండి అని తనవాళ్ళకు చెప్పాడు. వాళ్ళు పాతిపెట్టి పడవెక్కిన కొద్దిసేపటికే లొంబార్డు నాయకుడొకడు అక్కడికి వచ్చాడని గ్రెగరీ ఒక మహిమగా చెబుతాడు. మహిమ సంగతి పక్కన పెట్టి చూస్తే, ఆ రోజుల్లో ఒడ్డున బతకడం ఎలా ఉండేదో ఈ ఒక్క కథలో తెలుస్తుంది: సొంత ఊరు ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది, కానీ అక్కడ ఒక రాత్రి నిద్రపోవడానికి లేదు. 591 నాటికి పోపులోనియాలో పూజారే లేడు. చనిపోయేవాళ్ళకు కడపటి సంస్కారం, పసిబిడ్డలకు బాప్టిజం చేసే దిక్కు లేదని, అప్పుడప్పుడు వెళ్ళి చూసి రమ్మని గ్రెగరీ పక్క ఊరి బిషప్‌ను బతిమాలాడు. మింటుర్నోలో జనమూ పూజారులూ మిగల్లేదని దాన్ని ఫోర్మియా బిషప్‌కు అప్పగించాడు. టెర్రచీనాలోనైతే గోడల మీద రాత్రి కాపలా నుంచి చర్చి మనుషులతో సహా ఎవరికీ మినహాయింపు లేదన్నాడు.

ఇప్పుడు ఉత్తరాన పడమటి తీరానికి, లిగూరియాకు వద్దాం. 569లో మిలాన్ పడిపోతున్నప్పుడు అక్కడి ఆర్చిబిషప్ హొనొరాటస్ కొండలు దాటి జెనోవా చేరాడు. కొన్నాళ్ళకు తిరిగి వెళ్దామని వచ్చినవాళ్ళు మూడు తరాలపాటు అక్కడే ఉండిపోయారు. వెనక కొండలు, ముందు సముద్రం, మధ్యలో సన్నటి నేలపట్టీ. అంతవరకే సామ్రాజ్యం. కనుమల దగ్గర కోటలు కట్టుకుని డెబ్భై ఏళ్ళకు పైగా నెగ్గుకొచ్చారు. ఫినాలె దగ్గర కొండ మీద శాంతాంతొనినో అనే చోట అలాంటి కోట ఒకటి తవ్వకాల్లో బయటపడింది. ఆఫ్రికా నుంచి, తూర్పు మధ్యధరా నుంచి వచ్చిన జాడీల పెంకులు ఆ కొండ మీద దొరికాయి. కొండ కొమ్మున కూర్చున్న కాపలావాళ్ళ భోజనం కూడా ఓడ మీదే వచ్చేదన్నమాట.

643 ప్రాంతంలో రాజు రొతారి ఈ పట్టీని ఊడ్చేశాడు. జెనోవా, అల్బెంగా, వరిగొత్తి, సవోనా, లూని. ఫ్రాంకుల దేశంలో రాసిన ఫ్రెడెగార్ చరిత్ర ప్రకారం తగలబెట్టాడు, దోచాడు, జనాన్ని చెరపట్టాడు, గోడల్ని పునాదుల దాకా కూల్పించాడు. ఆపైన ఒక ఆజ్ఞ ఇచ్చాడు: ఇకమీదట వీటిని నగరాలనకూడదు, పల్లెలనాలి.

ఈ ఆజ్ఞ దగ్గర కాసేపు ఆగాలి. గోడ కూల్చడం యుద్ధం, అర్థమవుతుంది. పేరు కూడా తీసెయ్యడం దేనికి? రోమన్ లోకంలో నగరమంటే ఇళ్ళ గుంపు ఒక్కటే కాదు. దానికో బిషప్, న్యాయం చెప్పే అధికారి, పన్ను లెక్కలు, చుట్టూ కొంత భూమి మీద హక్కు ఉంటాయి. పల్లె అయ్యిందంటే అవన్నీ పోయి, ఎవరో ఒక డ్యూకు కింద ఒక చుక్కగా మిగులుతుంది. రొతారి లొంబార్డుల ఆచారాలను 388 అధ్యాయాల శాసనంగా రాయించింది కూడా ఆ 643లోనే. మాటకున్న బలం తెలిసిన రాజు కాబట్టే ఆ ఆజ్ఞ ఇచ్చాడని నా నమ్మకం.

అయితే లూనిని చంపింది రొతారి ఒక్కడే అనుకుంటే పొరపాటు. పాలరాయికి పేరుపడ్డ ఆ రేవులో జరిగిన తవ్వకాల్లో, ఒకప్పటి రాతి చప్టాల నడిబొడ్డు మీద 6వ శతాబ్దం నాటికే కర్ర ఇళ్ళు లేచాయని తేలింది. పాలరాతి పలకల్ని ఊడబెరికి తీసుకుపోయి, ఆ ఖాళీ జాగాలో గుంజలు పాతి ఇళ్ళు కట్టుకున్నారు. అంటే రొతారి గుర్రాలు రాకముందే ఊరు కుదించుకుపోయింది. కానీ ఆ కర్ర ఇళ్ళలో ఉన్నవాళ్ళు కూడా 7వ శతాబ్దం సగం దాకా సముద్రం అవతలి నుంచి వచ్చిన పాత్రల్లోనే తిన్నారు. ఆ తర్వాత ఆ సరుకు ఆగిపోయింది. ఇందులో రొతారి పాత్ర ఎంత, ఈజిప్టు, ఆఫ్రికా అరబ్బుల వశం కావడం వల్ల ఎంత, మాగ్రా నది తెచ్చిన ఒండ్రుతో రేవు పూడిపోవడం వల్ల ఎంత అని విడదీసి చెప్పడం కష్టం. మూడూ కలిసే ఆ ఊరిని ముంచాయి.

ఇక మీరు అసలు అడిగిన చోటికి, ఏడ్రియాటిక్ ఒడ్డున ఉన్న వెనిస్ లంకలకు వెళ్దాం.

కథ ప్రకారం అవి ఎవరూ లేని బురద దిబ్బలు, నాగరికులు వచ్చి మొదటిసారి అడుగుపెట్టారు. ఈ కథను తర్వాతి కాలపు వెనిస్ పెద్దలు ఇష్టంగా పెంచి పోషించారు. ఎవరి పాలనలోనూ లేని నేల మీద స్వేచ్ఛగా పుట్టామని చెప్పుకోవడం వాళ్ళకు అక్కరకొచ్చింది. కానీ లొంబార్డులు రావడానికి 30 ఏళ్ళ ముందే, 537-38 ప్రాంతంలో, గోథుల ప్రభుత్వంలో పెద్ద అధికారి అయిన కాసియొడోరస్ ఆ తీరపు అధికారులకు ఒక ఉత్తరం రాశాడు. ఏడ్రియాటిక్ ఎదురు ఒడ్డున ఉన్న ఇస్ట్రియా నుంచి ద్రాక్షసారా, నూనె రావెన్నాకు చేరవెయ్యమని పని పురమాయిస్తూ, వాళ్ళ బతుకును కళ్ళకు కట్టాడు. నీటికోళ్ళ గూళ్ళలా నీళ్ళ మధ్య ఇళ్ళు. పశువుల్ని కొట్టంలో కట్టేసినట్టు గోడలకు పడవల్ని కట్టేసుకుంటారు. గాలి లేనప్పుడు మనుషులు గట్టున నడుస్తూ తాళ్ళతో పడవల్ని లాగుతారు, దూరం నుంచి చూస్తే పడవలు పచ్చికలో జారిపోతున్నట్టుంటాయి. పేదా గొప్పా అందరి కంచంలో ఒకే చేప. నాగలి, కొడవలి బదులు వాళ్ళు ఉప్పుమడుల్లో దిమ్మెలు దొర్లిస్తారు. బంగారం అక్కర్లేనివాడు ఉంటాడేమోగానీ ఉప్పు అక్కర్లేనివాడు ఉండడు అంటాడు. ఎంత అందంగా రాసినా అది పని చేయించుకోవాలనుకున్న అధికారి రాత, పొగడ్త పాలు తీసేసి చదవాలి. అయినా ఆ లంకల్లో జనం, పడవలు, ఉప్పు అప్పటికే ఉన్నాయన్నది దాంతో ఖాయం. టొర్చెల్లో దీవి తవ్వకాలూ అదే చెప్పాయి: అడుగున రోమన్ కాలపు ఇళ్ళ ఆనవాళ్ళున్నాయి.

మరి ఎవరు వచ్చారు? ముందుగా వచ్చింది పెద్దలు, వాళ్ళ పెట్టెలు. 568లో ఈశాన్యంలోని అక్విలేయా నగరపు మతపెద్ద పౌలినస్ చర్చి నిధులతో గ్రాదో దీవికి చేరాడు. గ్రాదో అప్పటికే అక్విలేయాకు రేవు, కోట. కొద్ది మైళ్ళ దూరం. 579లో సెయింట్ యుఫేమియా చర్చి అక్కడ ప్రతిష్ఠ అయ్యింది. ఇప్పటికీ ఉంది. నేల మీద పరిచిన మొజాయిక్‌లో అలల వరసలు, దాతల పేర్లు చదువుకోవచ్చు. 606-607 ప్రాంతంలో మతపెద్ద పదవి రెండుగా చీలింది: లొంబార్డుల నేలలో అక్విలేయాకు ఒకరు, చక్రవర్తి నీళ్ళలో గ్రాదోకు ఒకరు. సిద్ధాంతాల తగాదా పైకి కనిపించిన కారణం. అసలు గీత మాత్రం నేలకూ నీళ్ళకూ మధ్యనే పడింది. ఆ తగవు కొన్ని వందల ఏళ్ళు నడిచింది.

ఆ తర్వాత ఒక్కొక్క ఊరూ ఒక్కొక్క కాలంలో పోయింది. 601 ప్రాంతంలో రాజు అగిలుల్ఫ్ పదువాను తగలబెట్టాడు. ఒడెర్జోను రొతారి పట్టుకున్నాడు, 660ల్లో రాజు గ్రిమొఆల్డ్ పూర్తిగా నాశనం చేసి దాని భూముల్ని చుట్టుపక్కల మూడు నగరాలకు పంచాడు. తన అన్నలిద్దరిని అక్కడ ఒక బైజాంటైన్ అధికారి నమ్మించి చంపించాడన్న కసి అది. లెక్క చూడండి: 568 నుంచి 660ల దాకా దాదాపు వందేళ్ళు. ముత్తాత అక్విలేయా నుంచి వస్తే మునిమనవడి కాలంలో ఒడెర్జోవాళ్ళు వచ్చారు. దీన్ని పారిపోవడం అనేకంటే నేల మీద బతుకు కరిగి నీళ్ళలోకి జారడం అంటే సరిపోతుంది.

అల్టీనో ఊరి కథ ఇందుకు మంచి సాక్ష్యం. లంకలకు ఎదురుగా ఒడ్డున ఉన్న రోమన్ నగరం. ఇప్పుడు పైన ఒక్క గోడ లేదు, అన్నీ మొక్కజొన్న, సోయా చేలు. 2007 వేసవిలో గట్టి కరువొచ్చినప్పుడు విమానం నుంచి ఫొటోలు తీస్తే, గోడల మీద మొలిచిన మొక్కలు ముందు వాడిపోయి, నగరం నగరమంతా పొలంలో గీసినట్టు కనిపించింది. వీధులు, నాటకశాల, నడిబొడ్డున కాలువ. ఆ ఊరి రాళ్ళను ఊడదీసి పడవల్లో టొర్చెల్లోకు తీసుకుపోయారు. టొర్చెల్లో చర్చి గోడలో ఒక శాసనం ఉంది. 639లో, హెరాక్లియస్ చక్రవర్తి 29వ పాలనా సంవత్సరంలో, రావెన్నాలో ఉండి ఇటలీని చూసుకునే చక్రవర్తి ప్రతినిధి ఐజాక్ ఆజ్ఞతో, దేవమాతకు ఈ చర్చి కట్టారని ఉంటుంది. దాని ముందు నిలబడినప్పుడు నాకు ముందుగా తట్టిందేమిటంటే, ఇది దిక్కులేనివాళ్ళు పెట్టుకున్న రాయి కాదు. చక్రవర్తి పేరు, ప్రతినిధి పేరు, సేనాని పేరు చెక్కించి, మేం ఇంకా రోమన్లమే అని చాటుకున్నవాళ్ళది. తొలి వెనిస్ ఎవరి కిందా లేని స్వేచ్ఛా నేల అన్న మాట ఆ ఒక్క రాయితో తేలిపోతుంది.

వెనిస్ పేరు అందరికీ తెలుసు గానీ, ఆ కాలపు తీరం గురించి నన్నడిగితే కొమాచ్చియో చూడమంటాను. పో నది సముద్రంలో కలిసే చోట, రావెన్నాకు ఉత్తరాన, పర్రల మధ్య దిబ్బల మీద ఉన్న ఊరు. రోమన్ కాలంలో దానికి పేరే లేదు. 8వ శతాబ్దానికి అక్కడ కర్ర గుంజలతో కట్టిన రేవులు, గాజు కొలిమి, తూర్పు మధ్యధరా నుంచి వచ్చిన గుండ్రటి జాడీలు ఉన్నట్టు తవ్వకాల్లో దొరికాయి.

ఇంతకన్నా విలువైనది ఒక ఒప్పందపు పాఠం. లొంబార్డు రాజు లియుత్ప్రాండ్ కొమాచ్చియో వాళ్ళతో చేసుకున్నది, ఎక్కువమంది లెక్కలో 715 నాటిది. పో నది వెంట పైకి వెళ్ళే ఉప్పు పడవలు ఏ రేవులో ఎంత కట్టాలో అందులో రాసుకున్నారు. మాంటువా, బ్రెషా, క్రెమోనా, పార్మా, పియాచెన్సా, నదులు కలిసే మరికొన్ని చోట్లు. సుంకంలో ఎక్కువ ఉప్పే. పార్మా రేవులో కొంత నాణెం, ఒక పౌను నూనె, ఒక పౌను గారుమ్, అంటే చేపల్ని ఉప్పులో ఊరేసి తీసే రసం, ఇంకా రెండు ఔన్సుల మిరియాలు.

ఆ మిరియాల దగ్గర నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అవి పండింది మన పడమటి కనుమల కింద, మలబారు తీరంలో. ఎర్రసముద్రం దాటి, ఎన్ని చేతులు మారి, చివరకు పర్రల్లో ఉప్పు పండించుకునే ఊరివాళ్ళ పడవలో లొంబార్డుల రేవుకు చేరాయి. రెండు ఔన్సులు చాలా తక్కువే. కానీ సుంకం పట్టీలో మామూలు పద్దుగా రాశారంటే, అవి వస్తాయని ఇరుపక్షాలకూ ముందే తెలుసన్నమాట. చీకటి యుగమనీ వ్యాపారం చచ్చిపోయిందనీ అనేవాళ్ళకు నేను ఈ పద్దునే చూపిస్తాను.

ఒప్పందంలో ఎవరి పేర్లున్నాయో కూడా చూడాలి. రాజుకు అటువైపు ఉన్నది ఒక పూజారి, ఒక సేనాని, ఇద్దరు స్థానిక నాయకులు, వాళ్ళ ద్వారా కొమాచ్చియో నివాసులందరూ. కాగితం మీద వీళ్ళు చక్రవర్తి ప్రజలు, రావెన్నా ప్రతినిధి కింద ఉండవలసినవాళ్ళు. పొరుగునే ఉన్న ఆ ప్రతినిధి ఊసు ఒప్పందంలో లేదు. తమ ఉప్పు తమ చేతిలో ఉంది, గోధుమ శత్రురాజు చేతిలో ఉంది, ఎవరినీ అడగకుండా కూర్చుని మాట్లాడుకున్నారు. దండయాత్ర తీరానికి ఏం చేసిందంటే నేను చూపించేది ఇదే. వెనకనున్న పొలాలు పోగొట్టుకున్న ఊళ్ళు, తమ దగ్గరున్న ఒక్క సరుకును పట్టుకుని తమ తరఫున తామే బేరమాడడం నేర్చుకున్నాయి.

లొంబార్డులకు పడవలు అసలు తెలియవని మాత్రం అనుకోకండి. అగిలుల్ఫ్ తూర్పు పొరుగు జాతి అయిన అవారుల రాజుకు ఓడలు కట్టే పనివాళ్ళను పంపాడని పౌల్ రాశాడు. ఆ పనివాళ్ళు వాళ్ళ పాలనలోకి వచ్చిన ఏదో ఒక రేవువాళ్ళే అయ్యుంటారు. 598-99లో సార్డీనియా తీరం మీద దాడి జరిగింది, గోడలు భద్రం చేసుకొమ్మని గ్రెగరీ కాల్యరి బిషప్‌ను తొందరపెట్టాడు. పీసా సంగతి ఇంకా విచిత్రం. 603లో గ్రెగరీ, పీసావాళ్ళతో మాట్లాడి చూశాం, లాభం లేదు, వాళ్ళ యుద్ధనౌకలు బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నాయని రాశాడు. చక్రవర్తికీ చెందక, లొంబార్డుల మాటకూ పూర్తిగా కట్టుబడక, తన ఓడలు తాను నడుపుకునే రేవు! తర్వాతి కాలంలో పీసా ఏమయ్యిందో తెలిసినవాళ్ళకు ఆ ఒక్క వాక్యం చాలా చెబుతుంది.

రావెన్నా రేవు క్లాస్సే విషయం కూడా ఇక్కడే చెప్పాలి. స్పోలెటో డ్యూకు ఫారోఆల్డ్ 579 ప్రాంతంలో దాన్ని పట్టుకుని దోచాడు. తిరిగి గెలిచింది డ్రొక్టుల్ఫ్, లొంబార్డుల మధ్య పెరిగి రోమన్ల వైపు వచ్చిన యోధుడు. గుర్రాలతో కాదు, ఏటిలో చిన్న చిన్న పడవలతో కొట్టాడు. రావెన్నా సాన్ విటాలె చర్చిలో అతని సమాధి మీద ఆ పడవల ముచ్చట రాశారు.

దక్షిణం గురించి క్లుప్తంగా చెబుతాను, అది వేరే ప్రశ్నకు సరిపడేంత ఉంది. అమాల్ఫి పేరు తొలిసారి వినిపించేది 596 నాటి గ్రెగరీ ఉత్తరంలోనే, అదీ చాడీగా: అక్కడి బిషప్ ఊళ్ళో ఉండడం లేదు, ఆయన్ని చూసి జనమూ కోటలో ఉండడం లేదట. 836లో బెనెవెంటో రాజకుమారుడు సికార్డ్ నేపుల్స్, సొరెంటో, అమాల్ఫిలతో ఐదేళ్ళ సంధి చేసుకున్నాడు. అందులో ఒక షరతు, లొంబార్డులను కొని సముద్రం అవతల అమ్మకూడదు. గ్రెగరీ నాటి తాళ్ళు గుర్తు తెచ్చుకోండి. 240 ఏళ్ళలో కొనేవాళ్ళూ అమ్ముడుపోయేవాళ్ళూ తారుమారయ్యారు. తీరపు ఊళ్ళు బాధితులుగానే మిగిలిపోలేదు. బతకడానికి నేర్చుకున్న వ్యాపారాల్లో మనుషుల వ్యాపారమూ ఉంది. వెనిస్ కూడా ఇందులో మినహాయింపు కాదు. ఈ ముక్క దాచి మిగతా గొప్పలు చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఆఖరి అంకం త్వరగా నడిచింది. రాజు ఐస్టుల్ఫ్ 750లో, తన అనుమతి లేకుండా రోమన్లతో వ్యాపారం చేస్తే శిక్ష అని చట్టం చేశాడు. అలా చట్టం చెయ్యవలసి వచ్చిందంటే వ్యాపారం ఎంత జోరుగా సాగుతోందో ఊహించుకోవచ్చు. 751లో రావెన్నాను పట్టుకున్నాడు, చక్రవర్తి ప్రతినిధి పాలన ఉత్తర ఇటలీలో అంతటితో ముగిసింది. 774లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ పావియాను గెలిచి లొంబార్డుల కిరీటం తానే పెట్టుకున్నాడు. వెనిస్ లంకలు మాత్రం ఎవరికీ చిక్కలేదు. డోజ్ అనే తమ నాయకుణ్ణి తామే ఎన్నుకుంటూ, కాన్‌స్టాంటినోపుల్‌కు పేరుకు విధేయులుగా, పావియా సంతలో సరుకు అమ్ముకుంటూ ఎదిగాయి. 840లో ఫ్రాంకుల చక్రవర్తి లోథార్‌తో చేసుకున్న ఒప్పందంలో, లియుత్ప్రాండ్ కాలంలో గీసిన పాత హద్దునే మళ్ళీ ఖాయం చేసుకున్నారు. లొంబార్డు రాజు నేల మీద గీసిన గీత, అతని రాజ్యం పోయాక కూడా వాళ్ళకు హక్కుపత్రంగా పనికొచ్చింది.

కొమాచ్చియో ఏమయ్యిందని అడుగుతారేమో. ఆ ఊరిని లొంబార్డులు కూల్చలేదు. 930ల్లో, డోజ్ రెండో పియెత్రో కాందియానో కాలంలో వెనిస్ పడవలు వచ్చి కోటను తగలబెట్టి, ఊరివాళ్ళను పట్టుకుపోయి, విధేయులుగా ఉంటామని ప్రమాణం చేసేదాకా వదలలేదు. ఇద్దరూ ఒకే పర్రల్లో, ఒకే ఉప్పు పండించుకుంటూ పెరిగినవాళ్ళే.